‘సేవ్ అయింది’ అని అబద్ధమాడిన సర్వర్

నా ఉద్యోగ జీవితమంతా సర్వర్ గదుల్లో గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే మంచి ఉద్యోగం వస్తుంది అని అడుగుతుంటారు. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. నా దగ్గరున్నది కోపం. ఇన్నేళ్ళయినా చల్లారలేదు. అది ఎందుకో చెబితే ఈ ఉద్యోగం ఏమిటో మీకే తెలుస్తుందని రాస్తున్నాను.

ఒక బావి, నాలుగు కుంపట్లు

నేను పనిచేసిన ట్రస్టుకు మూడు ఆసుపత్రులు ఉండేవి. జగిత్యాలలో పెద్దది, కోరుట్లలో, సిరిసిల్లలో చిన్నవి. మొదట్లో ఎక్కడి కంప్యూటర్ అక్కడే ఉండేది. తర్వాత వాటన్నింటినీ తీసేసి జగిత్యాలలో ఒకే పెద్ద సర్వర్ పెట్టారు. దాని లోపల వర్చువల్ మెషీన్లు నడిచేవి. అంటే యంత్రం ఒక్కటే, కానీ లోపల విడివిడిగా కొన్ని కంప్యూటర్లు ఉన్నట్టే పనిచేస్తుంది. కోరుట్ల ల్యాబుకొకటి, సిరిసిల్ల ఓపీకొకటి, జగిత్యాల ఓపీకొకటి, మందుల కౌంటర్లకొకటి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు. ఎవరి వంట వాళ్ళదే, బావి మాత్రం ఒక్కటే. ఆ బావిలో ఎవరు ఎంత తోడుకోవాలి, ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చేది అడుగున ఉండే ఆపరేటింగ్ సిస్టం. దాని సెట్టింగులు చూసుకోవడం నా పని.

విమల మేడం అంటే సర్వర్ గది తాళంచెవి ఉండే మనిషి అని మాత్రమే చాలామందికి తెలుసు. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్ళు నేనొకదాన్ని ఉన్నానని కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. నాకూ అదే హాయిగా ఉండేది.

ఈ పని ఎలా చేయాలో ముందు ఒక చిన్న సంగతి చెబుతాను. సర్వర్ పెట్టిన కొత్తలో సిరిసిల్ల ఓపీ క్లర్కు మల్లేశం ఫోన్ చేశాడు.

“మేడం, పొద్దుగాల తెరవంగనే మిషన్ నిద్రల ఉన్నట్టే ఉంటది. సాంచాల కాడికి పోయేటోళ్ళు లైన్ల నిలవడి నన్ను తిడుతున్రు. పదిగంటలు దాటితె మల్ల మంచిగనే నడుస్తది.”

సాంచా అంటే మరమగ్గం. లైన్లో నిలబడ్డంతసేపు వాళ్ళకు కూలి పోతుంది. వాళ్ళు తిట్టడంలో తప్పు లేదు. కారణం వెతికితే దొరికింది. రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు, పని లేకుండా ఉన్న సిరిసిల్ల మెషీన్‌ను ఆపరేటింగ్ సిస్టం మెమరీలోంచి తీసి డిస్కు మీదికి నెట్టేస్తోంది. పొద్దున మనుషులు రాగానే దాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కొస్తోంది. అలా నెట్టే గుణాన్ని తగ్గించే సెట్టింగు ఒకటి ఉంటుంది. తగ్గించాను. ఇంకేదీ ముట్టుకోలేదు. తర్వాత సిరిసిల్ల వెళ్ళి మల్లేశం పక్కన కుర్చీ వేసుకుని, లైన్ ఎలా కదులుతోందో చూసి వచ్చాను.

నాకు తెలిసిన విద్య ఇంతే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. దాని ఫలితాన్ని మనుషుల దగ్గర కూర్చుని చూడాలి. గ్రాఫులో గీత కిందికి దిగితే సంబరపడేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ గీత కింద ఎవరు నిలబడి ఉన్నారో వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

శాలువా

కోరుట్లది వేరే జబ్బు. అక్కడ ల్యాబులో ఫలితం టైపు చేసి ‘సేవ్’ నొక్కితే ఎంతసేపటికీ తెర కదిలేది కాదు. డిస్కులు నెమ్మదైనవి, అన్ని మెషీన్లూ వాటిమీదే రాయాలి. దానికి మందు కూడా నాకు తెలుసు. సొంత బ్యాటరీ ఉన్న డిస్కు కార్డు ఒకటి కొనాలి. అది రాతలను తన దగ్గర పెట్టుకుని, కరెంటు పోయినా పోగొట్టకుండా, తర్వాత డిస్కు మీదికి ఎక్కిస్తుంది. మా అడ్మినిస్ట్రేటర్ సుధాకర్ గారిని అడిగాను.

“మొన్ననే గంత పెద్ద సర్వర్ తెచ్చినం గదా మేడం, మల్ల గిదేంది?” అన్నారు.

అదే సంవత్సరం సర్వర్ గదికి అద్దాల తలుపులు పెట్టించారు. ట్రస్టీలు చుట్టాలను తీసుకొచ్చి చూపించుకోవడానికి. లోపల యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయని, మార్చాలని నేను చెబుతూనే ఉన్నాను. ఉబ్బిన బ్యాటరీలు అద్దాల్లోంచి కనిపించకుండా ముందర ఒక పూలకుండీ పెట్టించారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు.

తర్వాత హైదరాబాద్ నుంచి కిరణ్ అనే కన్సల్టెంట్‌ను పిలిపించారు. తెలివైన కుర్రవాడు, చేతివేగం ఉన్నవాడు. నా బాధంతా అదే. తెలివితక్కువవాడైతే ఆ పని చేయగలిగేవాడే కాదు.

అతను ఏం చేశాడో తేలికగా చెబుతాను. ‘సేవ్’ నొక్కినప్పుడు మన అక్షరాలు ముందు మెమరీలోకి వెళ్తాయి. మెమరీకి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. అక్కడినుంచి డిస్కు మీదికి ఎక్కాకే ‘సేవ్ అయింది’ అనాలి. కిరణ్ ఆ నియమం తీసేశాడు. అక్షరాలు మెమరీలో ఉండగానే, రాసేశానని సర్వర్ చెప్పేటట్టు పెట్టాడు. ఆ అక్షరాలను వెంటనే రాయకుండా, కొన్ని నిమిషాలపాటు పోగుచేసి ఒక్కసారే డిస్కుకు పంపేటట్టు పెట్టాడు. ఎసట్లో బియ్యం పడకముందే ‘తిన్నారు కదా’ అని విస్తరి ఎత్తేసినట్టు. వేగంగా ఉండక ఏం చేస్తుంది?

“మధ్యలో కరెంటు పోతే?” అని అడిగాను.

“యూపీఎస్ ఉంది కదా మేడం.”

“ఆ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకసారి వచ్చి చూడు.”

అతను సుధాకర్ గారివైపు చూశాడు. ఆయన నవ్వి, “విమల మేడంకు కొత్తదంటె భయం. నువ్వు కానియ్యి తమ్మీ” అన్నారు.

కోరుట్లలో తెరలు టకటకా కదిలాయి. ట్రస్టీలు వచ్చి చూశారు. జగిత్యాల హాల్లో కిరణ్‌కు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో షహనాజ్ కూడా ఉంది. కోరుట్ల ల్యాబులో ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించేది ఆ అమ్మాయే. పని తేలికైందని నిజంగానే సంతోషపడింది. ఆ ఊపులోనే కాగితం రిపోర్టులు కూడా ఆపేశారు. ఏ ఊళ్ళో చేసిన పరీక్షైనా ఏ డాక్టరైనా తెరమీదే చూసుకోవాలని సుధాకర్ గారి ఉత్తర్వు.

సమ్మె రోజుల్లో

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు గనుల్లోనూ పని ఆగిపోయింది, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా సిబ్బందంతా సమ్మె వైపే. నేనూ భోజనం గంటలో జగిత్యాల దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేదాన్ని. సుధాకర్ గారైతే పొద్దున్నే శిబిరంలో మైకు పట్టుకుని, మనవాళ్ళను మనమే కాపాడుకోవాలని గొంతు చించుకునేవారు. ఆ మాట గుర్తుంచుకుని తర్వాతిది చదవండి.

కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో బీడీలు చుట్టే పద్మ అనే ఆమెకు జ్వరం వచ్చింది. భర్త దుబాయిలో ఉన్నాడు. అత్త లచ్చవ్వ ఆమెను వెంటబెట్టుకుని కోరుట్ల ఆసుపత్రికి తెచ్చింది. మొదటిరోజు రక్తపరీక్షలో అంతా బాగానే ఉంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ వస్తే ప్లేట్‌లెట్లు ఘోరంగా పడిపోయాయి. షహనాజ్ ఆ ఫలితం కంప్యూటర్లో ఎక్కించింది. తెరమీద ‘సేవ్ అయింది’ అని వచ్చింది. బయటికి వచ్చి లచ్చవ్వతో, “పెద్దమ్మా, రక్తంల కణాలు మస్తు తక్కువున్నయి. జల్ది జగిత్యాల పోండ్రి. పెద్ద డాక్టర్‌కు కంప్యూటర్ల కనవడ్తది” అని చెప్పి తనే ఆటో మాట్లాడి ఎక్కించింది. తర్వాత సమ్మెవాళ్ళు రోడ్డు మీదే వండి పెడుతున్న వంటావార్పుకు వెళ్ళి, అందరితో కలిసి తిని వచ్చింది.

ఆటో కోరుట్ల దాటకముందే జగిత్యాలలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి పట్టేది కొద్ది క్షణాలే. యూపీఎస్ ఆ కొద్ది క్షణాలు కూడా నిలబడలేదు. సర్వర్ ఆగి, మళ్ళీ లేచింది. లేచాక అన్నీ బాగానే ఉన్నాయి. ఏదైనా పాడైపోయి ఉంటే మేలు జరిగేది, అందరికీ తెలిసేది. ఏదీ పాడవలేదు. సర్వర్ కొన్ని నిమిషాలు వెనక్కి నడిచి, ఆ నిమిషాలు అసలు లేనట్టే కూర్చుంది. ఎదురుగా మనుషులు ఉన్న కౌంటర్లలో ‘ఇప్పుడే కొట్టాను కదా, ఏమైంది’ అనుకుని మళ్ళీ టైపు చేసుకున్నారు. వెళ్ళిపోయిన మనుషుల సంగతి ఎవరు చూస్తారు? అయిపోయిన పనిని తిరగేసి చూసుకోవాలని ఏ ఆపరేటరుకైనా ఎందుకు అనిపిస్తుంది?

జగిత్యాలలో మురళీధర్ డాక్టర్ తెర చూశారు. పాత రిపోర్టు ఒక్కటే ఉంది. అంతా బాగానే ఉంది.

“గది మొన్నటిది సారూ! ఇయ్యాల పొద్దుగాల మల్ల రకుతం దీసిండ్రు. గా పిల్ల కణాలు తక్కువైనయన్నది, జల్ది పొమ్మన్నది” అని లచ్చవ్వ మొత్తుకుంది.

“ఇవాళ పరీక్ష చేసినట్టు లేదమ్మా. భయపడకు” అని ఆయన జ్వరానికి మాత్రలు రాసి పంపేశారు.

ఇంటికి చేరాక పద్మకు ముక్కులోంచి, చిగుళ్ళలోంచి రక్తం మొదలైంది. ఊరివాళ్ళు జీపులో కరీంనగర్ తీసుకెళ్ళారు. బతికింది. కానీ మంచం దిగడానికి చాలాకాలం పట్టింది.

విచారణ

పద్మ తరఫువాళ్ళు కోరుట్ల ఆసుపత్రి ముందుకు వచ్చి కూర్చున్నారు. సుధాకర్ గారు విచారణ జరిపారు. ఆ విచారణ నా కళ్ళ ముందే జరిగింది, అయిపోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ల్యాబు యంత్రం తన సొంత జ్ఞాపకంలో ఆ పరీక్షను దాచుకుంది. కాబట్టి పరీక్ష జరిగిందని తేలింది. సర్వర్లో ఫలితం లేదు. కాబట్టి షహనాజ్ ఎక్కించలేదని ఆయన తేల్చారు.

“కొట్టిన సార్. ‘సేవ్ అయింది’ అని వచ్చింది. నా కండ్లతోని చూసిన” అంది షహనాజ్.

“మరి ఎటు వోయింది?”

“గది నాకెట్ల ఎరుక సార్?”

అప్పుడాయన వంటావార్పులో ఆ అమ్మాయి గరిటె పట్టుకుని నిలబడ్డ ఫోటో తీసి బల్లమీద పెట్టారు. “గిదీ సంగతి. పనిల మనసు లేదు. పేషెంట్ సావుబతుకుల్ల ఉంటె గరిటె తిప్పుడువోయినవ్.”

పొద్దున శిబిరంలో మైకులో అరిచిన నోటితోనే ఆ మాట అన్నారు. నేను లేచాను. కరెంటు పోయిందని, ఆ సెట్టింగు ఉంటే అలాగే జరుగుతుందని, ముందే చెప్పానని అన్నాను. 

“మేడం, మీరు టెక్నికల్ మనిషి. టెక్నికల్ సంగతులు జూసుకోండ్రి. గీ పంచాయితీ నేను జూసుకుంట” అన్నారు. షహనాజ్‌ను ఆరోజే పనిలోంచి ఆపేశారు. బయట కూర్చున్నవాళ్ళకు ఆ అమ్మాయి పేరు చెప్పి పంపించారు. వాళ్ళు ఆమె ఇంటిముందు నిలబడి మన్నెత్తి పోశారు.

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. యంత్రానికీ మనిషికీ మధ్య మాట తేడా వచ్చినప్పుడు మన ఆఫీసులు యంత్రాన్నే నమ్ముతాయి. యంత్రం మీద గౌరవంతో కాదు. మనిషిని బయటికి పంపడం తేలిక కాబట్టి.

తీగ పీకిన రోజు

ట్రస్టీల సమావేశంలో నాకు కొంచెంసేపు ఇవ్వమని పట్టుబట్టాను. మురళీధర్ డాక్టర్ కూడా ఉండాలన్నాను. కిరణ్‌ను కూడా పిలిపించారు. గోదాములో పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, దానిలో వర్చువల్ మెషీన్ పెట్టి, పెద్ద సర్వర్లో ఉన్న సెట్టింగులే పెట్టాను.

“ఇవి నువ్వు పెట్టినవేనా, చూసి చెప్పు” అన్నాను కిరణ్‌తో. అతను చూశాడు. అవేనన్నాడు.

డాక్టర్‌ను ఏదైనా టైపు చేయమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పద్మ పేరు, ఆరోజు రక్తంలో తేలిన అంకె టైపు చేశారు. సేవ్ నొక్కారు. ‘సేవ్ అయింది’ అని వచ్చింది. అందరూ చూశారు. నేను వంగి గోడ దగ్గర కరెంటు తీగ పీకేశాను.

మళ్ళీ పెట్టి, లేపాను. పద్మ లేదు.

తర్వాత సెట్టింగును పాతదానికి మార్చి, డాక్టర్‌తో అదే మళ్ళీ టైపు చేయించాను. ఈసారి సేవ్ కావడానికి కొంచెం ఆలస్యమైంది. తీగ పీకి, మళ్ళీ పెట్టాను. పద్మ ఉంది. అంకె ఉంది.

“గారడీ లెక్క జేస్తున్రు మేడం” అన్నారు సుధాకర్ గారు.

“ఇలా జరగడం చాలా అరుదు” అన్నాడు కిరణ్.

“కరెంటు పోవుడు అరుదా? ఏ ఊర్ల నాయినా?” అని అడిగాను. నా నోట అలా మా ఊరి మాట వచ్చిందంటే కోపం ఎంతవరకు వచ్చిందో అర్థం చేసుకోండి.

అప్పుడు మురళీధర్ డాక్టర్ నోరు విప్పారు. “ఆ ముసలమ్మ నాకు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను ఆమె మొహం చూడలే, తెర చూసిన. ఆ ల్యాబు అమ్మాయిది ఏం తప్పు?”

న్యాయం జరుగుతుందనుకున్నాను. పెద్ద ట్రస్టీ గొంతు సవరించుకుని చెప్పిన తీర్పు ఇది: సెట్టింగు మార్చండి, బ్యాటరీలు మార్చండి, డిస్కు కార్డు కొనండి, విషయం మాత్రం బయటికి పోనీయకండి. షహనాజ్ తన నిర్లక్ష్యానికి క్షమించమని రాసిస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటాం.

ఆ మాట చెప్పడానికి నన్నే కోరుట్ల పంపారు. షహనాజ్ పూర్తిగా విని, “విమలక్కా, తప్పు జెయ్యని మనిషి మాఫీ ఎందుకడగాలె?” అంది.

“అడగొద్దు” అన్నాను. ఆ సలహా ఇవ్వడం ఆమె ఇంటికి ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వేరే సలహా నా నోట రాలేదు. తర్వాత ఆమె కోరుట్లలోనే వేరే ల్యాబులో చేరింది. కిరణ్‌కు ఏమీ కాలేదు. శాలువా కూడా వెనక్కి అడగలేదు.

ఇబ్రహీంపట్నం

సెట్టింగు మారింది, సర్వర్ మళ్ళీ నిజం చెబుతోంది. నా పని అయిపోయిందని అనుకోవచ్చు. కానీ ఇబ్రహీంపట్నంలో ఒక ఇల్లు ఇంకా షహనాజ్‌నే తిడుతోంది. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి కదా అని సుధాకర్ గారితో అన్నాను.

“వాళ్ళింటికి పోయినవంటె నువ్వు సిరిసిల్ల పోతవ్” అన్నారు.

పంపించారు కూడా. రిటైరయ్యేదాకా నేను సిరిసిల్లలోనే పనిచేశాను. బెదిరించేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. పని చేతనైన మనిషికి ఏ ఊరైనా శిక్ష కాదు.

ఆ బెదిరింపు విన్నాకే షహనాజ్‌ను తీసుకుని ఇబ్రహీంపట్నం వెళ్ళాను. పద్మ అరుగుమీద కూర్చుని చాటలో బీడీలు చుడుతోంది. ఇంకా సన్నగానే ఉంది. లచ్చవ్వ మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది.

“గీమెను ఎందుకు దీస్కచ్చినవ్?”

“చెప్పుకునే ముచ్చట ఉన్నది అవ్వా. ఇన్నంక ఎల్లగొట్టు” అన్నాను.

మొత్తం చెప్పాను. ఫలితం ఎక్కించిందని, అది కరెంటుతో పాటు పోయిందని, పోయేటట్టు ముందే పెట్టి ఉంచారని. లచ్చవ్వ ఒక అడుగు ముందుకు వేసింది.

“మిషన్ తప్పు జేసిందంటవా?”

“మిషన్‌ను గట్ల దిప్పి పెట్టిండ్రు. వద్దంటె ఇనలే.”

ఆమె షహనాజ్ దగ్గరికి వచ్చింది. “నిన్ను పొద్దుగాల లేస్తె తిట్టిన బిడ్డా. నీ నోట్ల మన్నువడ అన్న. గా దినం జల్ది పొమ్మన్నది నువ్వొక్కదానివే గదా!”

“ఏం గాదు పెద్దమ్మా. నీ జాగల ఉంటె నేనైనా తిడుదును” అంది షహనాజ్, కళ్ళు తుడుచుకుంటూ.

లచ్చవ్వ నావైపు తిరిగింది. “మరి గా దిప్పినోనికి పేరుండదా? వద్దంటె ఇననోనికి పేరుండదా? గీ పిల్ల పేరైతె ఊరంతకు జెప్పిరి.”

ఇద్దరి పేర్లూ చెప్పాను. పద్మ చాట పక్కన పెట్టింది. ఆ రెండు పేర్లనూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా పలికి చూసుకుంది.

“సుధాకర్ సారు ఇంటిపేరేంది మేడం?” అని అడిగింది.

అదీ చెప్పాను.